పాశర్లపూడి మంట, మిల్లు పొయ్యి: కంప్యూటర్‌లో నిప్పు లెక్క

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అదుపు తప్పి అంటుకుంది. ఆ మంటను అదుపు చేయడానికి 65 రోజులు పట్టింది. మార్చి 15న గాని ఆరలేదు. మళ్లీ 2014 జూన్ 27 తెల్లవారుజామున, అక్కడికి దగ్గర్లోనే ఉన్న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ బయటికి వచ్చి, పరుచుకుని, ఒక్కసారిగా భగ్గుమంది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. గోదావరి డెల్టాలో మూడో రకం మంట ఒకటుంది. అది వార్తల్లోకి రాదు. మండపేట, రామచంద్రపురం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో మండే బాయిలర్ పొయ్యి అది.

మొదటి రెండింటిలోనూ కాలింది సహజవాయువే, అంటే ప్రధానంగా మీథేన్. అయినా కంప్యూటర్‌లో వాటిని లెక్కకట్టబోతే అవి ఒకదానికొకటి పోలిక లేని సమస్యలు. పాశర్లపూడిలో గ్యాసు, గాలి మంటలోనే కలుసుకున్నాయి. నగరం గ్రామంలో నిప్పు తగలకముందే కలిసిపోయి ఉన్నాయి. ఇక ఊక సంగతికొస్తే, ముందు ఆ పొట్టులోంచి వాయువులు వెలువడాలి, అప్పుడు గాని గాలితో కలిసే ప్రశ్న రాదు. దహనాన్ని సిమ్యులేట్ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఇంజనీరింగ్ విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. ఇంధనం, గాలి ఎక్కడ కలుస్తున్నాయో ముందు చెప్పమని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. దానికి జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం తేలిపోయినట్టే.

అసలు ఈ సాఫ్ట్‌వేర్లు చేసే పని ఏమిటో చూద్దాం. మంట ఉన్న చోటును, దాని చుట్టూ ఉన్న గాలిని లక్షల చిన్న గడులుగా విడగొడతాయి. ప్రతి గడిలోకి ఎంత పదార్థం వచ్చింది, ఎంత పోయింది, ఎంత వేగంతో, ఎంత వేడితో అన్నది క్షణక్షణానికీ లెక్కవేస్తాయి. ద్రవ్యం, ద్రవ్యవేగం, శక్తి ఎక్కడా పుట్టవు, ఎక్కడా మాయం కావు అన్న పాత నియమాలే ఇక్కడి సమీకరణాలు. ఇంతవరకు కాలువలో నీటి ప్రవాహాన్ని లెక్కించినా ఇదే పద్ధతి. మంట దగ్గర అదనంగా వచ్చి చేరేవి రెండు: ఒక్కొక్క రసాయన పదార్థానికీ ఒక్కో సమీకరణం, ఆ పదార్థాలు ఒకటి మరొకటిగా మారే వేగం. కష్టమంతా ఈ రెండో దానిలో ఉంది.

పాఠ్యపుస్తకంలో మీథేన్ దహనం ఒక్క వరుసలో అయిపోతుంది. ఒక మీథేన్ అణువు, రెండు ఆక్సిజన్ అణువులు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు ఇస్తాయి. నిజానికి అలా ఏ మంటలోనూ జరగదు. మీథేన్ నుంచి ఒక్కో హైడ్రోజన్ ఊడుతుంది, ఆ ఊడినది ఆక్సిజన్ అణువును చీలుస్తుంది, చీలిక ముక్కలు మరో మీథేన్ మీద పడతాయి. సహజవాయువు దహనానికి పరిశోధకులు విరివిగా వాడే జీఆర్ఐ-మెక్ 3.0 అనే రసాయన పట్టికలో 53 పదార్థాలు, 325 చర్యలు ఉన్నాయి. వీటిలో కొన్ని చర్యలు సెకనులో వంద కోట్లవ వంతు స్థాయి వ్యవధిలో ముగిసిపోతాయి. గాలి ఒక చోటి నుంచి మరో చోటికి కదలడానికి సెకన్లు పడుతుంది. ఈ రెండు గడియారాలనూ ఒకే లెక్కలో నడపాలి.

దూరాల విషయంలోనూ అంతే. గాలిలో సరైన పాళ్లలో కలిసిన మీథేన్ మండుతున్నప్పుడు నిజంగా మండే పొర మందం సుమారు అర మిల్లీమీటరు. ఆ పొర లోపల జరిగేది సరిగ్గా కనిపించాలంటే గడి పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు ఉండాలి. బావి మంట కోసం పొడవు, వెడల్పు, ఎత్తు 50 మీటర్ల చొప్పున ఘనాకారపు చోటు తీసుకున్నామనుకోండి. గడుల సంఖ్య 1,250 కోట్ల కోట్లకు చేరుతుంది. ఒక్కో గడిలో 53 పదార్థాల పాళ్లు, వేగాలు, ఉష్ణోగ్రత, పీడనం దాచడానికి కావలసిన కంప్యూటర్ మెమరీ మొత్తం దాదాపు 6 కోట్ల టెరాబైట్లు. అది కూడా ఒక్క క్షణం చిత్రానికి. గడిని అర మీటరుకు పెంచితే అదే చోటు 10 లక్షల గడుల్లో ఇమిడిపోతుంది, మామూలు కంప్యూటర్ మీదే నడుస్తుంది. కాకపోతే మండే పొర కంటే గడి వెయ్యి రెట్లు పెద్దది. అసలు మంట గడి లోపల ఎక్కడో దాక్కుని ఉంటుంది, లెక్కకు అది కనపడదు.

అందువల్ల సాఫ్ట్‌వేర్‌లో దహన నమూనా అని పేరున్న ప్రతిదీ నిజానికి ఒక ఒప్పందం. గడి లోపల కనపడకుండా జరిగేదాన్ని గడి సగటు విలువల నుంచి ఎలా ఊహించాలన్నదే ఆ ఒప్పందం. దీన్ని మర్చిపోయి మెనూలో మొదట కనిపించిన నమూనాను ఎంచుకోవడం వల్లనే ప్రాజెక్టు రిపోర్టుల్లో అందమైన ఎర్ర, పసుపు బొమ్మలు, వాటి కింద అర్థం లేని అంకెలు వస్తుంటాయి.

సగటు చేసే మోసం

ఊహించడమే కదా, సగటు ఉష్ణోగ్రతను తీసుకుని చర్య వేగాన్ని లెక్కిస్తే పోదా అనిపిస్తుంది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు మొదట చేసేదీ అదే. ఆ దారి ఎంత తప్పో ఒక చిన్న లెక్కతో తేలుతుంది.

రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1889లో సూత్రీకరించాడు. ఆ సూత్రంలో ఉష్ణోగ్రత ఘాతంలో కూర్చుంటుంది, అదీ హారంలో. ఒక గడిలో సగం సమయం 1,000 కెల్విన్, సగం సమయం 2,000 కెల్విన్ ఉందనుకుందాం. సుడులు తిరిగే మంటలో ఇలా ఊగిసలాడటం మామూలే. చర్య మొదలవడానికి దాటవలసిన అవరోధం, ఉష్ణోగ్రత రూపంలో చెబితే, 20,000 కెల్విన్ స్థాయిలో ఉంటే, ఆ సూత్రం ప్రకారం 1,000 దగ్గర వేగాంశం 10 కోట్లలో 0.2 వంతు. 2,000 దగ్గర అది లక్షలో నాలుగున్నర వంతులు. రెండింటి సగటు లక్షలో సుమారు 2.3. ఇప్పుడు సగటు ఉష్ణోగ్రత 1,500 పెట్టి నేరుగా లెక్కిస్తే వచ్చేది లక్షలో 0.16 మాత్రమే. 14 రెట్ల తేడా. ఉష్ణోగ్రతలో ఒక్క డిగ్రీ కూడా తప్పు లేదు, సమీకరణంలో తప్పు లేదు, సగటు తీసిన చోటు మాత్రమే తప్పు.

ఈ గోతిని దాటడానికి దారి చూపినవాళ్లలో బ్రిటన్‌కు చెందిన స్పాల్డింగ్ ఒకరు. 1971లో ఆయన చెప్పినది సారాంశంలో ఇది: పెద్ద మంటల్లో రసాయనం ఎప్పుడూ తొందరగానే ఉంటుంది, ఆలస్యమంతా కలవడంలోనే. అందువల్ల రసాయన వేగాన్ని పక్కన పెట్టి, ప్రవాహంలోని సుడులు ఎంత త్వరగా చిన్నవై చెదిరిపోతున్నాయో చూస్తే చాలు, దహన వేగం అదే. 1976లో నార్వే పరిశోధకులు మాగ్నుస్సెన్, హెర్టాగర్ దీన్ని గ్యాసు, గాలి విడివిడిగా వచ్చే మంటలకు కూడా పనికొచ్చేలా మలిచారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఎడ్డీ డిస్సిపేషన్, అంటే సుడులు చెదిరిపోవడం, అని కనిపించేది అదే. కలిసిందంటే కాలిందన్నట్టే, అంతే దాని సిద్ధాంతం.

మొరటుగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో దహన సిమ్యులేషన్‌లో ఇంత ఖరీదైన ప్రశ్నకు ఇంత చవకగా దొరికిన మంచి సమాధానం మరొకటి లేదు. కాకపోతే దానికి తెలియనిదేమిటో మనకు తెలిసి ఉండాలి. కలిస్తే కాలడమే దాని ధర్మం కాబట్టి మంట ఆరిపోతుందని అది ఎన్నటికీ చెప్పదు. చల్లటి గ్యాసూ గాలీ కలిసినా, పక్కన నిప్పు లేకపోయినా మండించేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎంత మిగిలిందన్న ప్రశ్నకు దాని దగ్గర నమ్మదగిన జవాబు లేదు.

ఆ జవాబులు కావాలంటే జర్మనీకి చెందిన నార్బర్ట్ పీటర్స్ 1980లలో బలపరిచిన మరో దారి ఉంది. సుడులు తిరిగే పెద్ద మంట కూడా దగ్గరికి వెళ్లి చూస్తే ముడతలు పడిన పలుచని జ్వాల పొరల గుంపే అన్నది ఆ ఆలోచన. అలాంటి ఒక్క పొరను పూర్తి రసాయనంతో ముందే లెక్కించి పట్టికగా దాచుకుంటారు. పెద్ద లెక్క నడుస్తున్నప్పుడు ఆ 53 పదార్థాల గొడవ ఉండదు. గడిలోని పదార్థంలో ఎంత భాగం ఇంధనం వైపు నుంచి వచ్చింది, ఆ పొర ఎంత సాగదీయబడుతోంది అన్న రెండు మూడు అంకెలతో పట్టికను సంప్రదిస్తే సరిపోతుంది. పొరను మరీ సాగదీస్తే అది ఆరిపోవడం కూడా పట్టికలోనే కనిపిస్తుంది.

ఈ నమూనాలన్నీ పరీక్షకు నిలబడింది ఒక చిన్న మంట ముందు. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో 7.2 మిల్లీమీటర్ల గొట్టం నుంచి సెకనుకు 49.6 మీటర్ల వేగంతో వదిలిన మంట అది. 25 శాతం మీథేన్, 75 శాతం గాలి. దానికి ఫ్లేమ్ డి అని పేరు. లోపలి ఉష్ణోగ్రతలు, పదార్థాల పాళ్లు లేజర్లతో కొలిచి అందరికీ అందుబాటులో పెట్టారు. ప్రపంచంలో దహనం మీద పని చేసే చాలా బృందాలు కొత్త నమూనా రాస్తే ముందు దీనితోనే సరిచూసుకుంటాయి. విద్యార్థులు మొదట కూర్చోవలసింది కూడా దీని ముందే. బావి మంట తర్వాత.

దానితో సరిచూసేటప్పుడే బయటపడే ఒక చిక్కు ఉంది. ప్రవాహంలోని సుడులకు ఎక్కువమంది వాడే కె-ఎప్సిలాన్ నమూనాలో 1.44 అనే ఒక స్థిరాంకం ఉంటుంది. గుండ్రటి గొట్టం నుంచి దూసుకొచ్చే జెట్‌ను ఆ అంకెతో లెక్కిస్తే అది ఉండవలసిన దానికంటే ఎక్కువ విచ్చుకుంటుంది. ఎక్కువ విచ్చుకుంటే గాలి ముందే కలుస్తుంది, మంట పొట్టిదవుతుంది. అందుకే ఫ్లేమ్ డి మీద పని చేసినవాళ్లు చాలామంది దాన్ని 1.60కి మార్చుకుంటారు. రసాయనం మీద నెలలు ధారపోసి ఈ ఒక్క అంకెను వదిలేసేవాళ్లున్నారు.

బావి మూతి దగ్గర

బావి మంటకు ఇవన్నీ ఎలా వర్తిస్తాయో ఇప్పుడు చూడవచ్చు. బావి లోపలి పీడనం బయటి పీడనానికి సుమారు రెట్టింపు దాటితే చాలు, గ్యాసు మూతి దగ్గర శబ్ద వేగాన్ని అందుకుంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో మీథేన్‌లో శబ్దం వేగం సెకనుకు 440 మీటర్ల పైమాట. నిశ్చలంగా ఉన్న మిశ్రమంలో మీథేన్ మంట పాకే వేగం సెకనుకు 40 సెంటీమీటర్ల లోపే. అంత దూకుడు ముందు మంట మూతి దగ్గర నిలబడలేదు. గ్యాసు పైకి పోయి, గాలిని లాక్కుని, కాస్త నెమ్మదించిన ఎత్తులో మంట తన అడుగును వెతుక్కుంటుంది. బావి మంటలు భూమికి కొంత ఎత్తులో మొదలైనట్టు కనిపించడానికి కారణం ఇదే. ఎడ్డీ డిస్సిపేషన్ నమూనాకు ఈ ఖాళీ కనిపించదు, అది మూతి దగ్గరే మంటను అంటిస్తుంది.

ఆ మంట ఎంత పొడవుంటుందో తేల్చేది గాలి. కిలో మీథేన్ కాలాలంటే 17 కిలోల గాలి కావాలి. సెకనుకు 10 కిలోల గ్యాసు వస్తోందని ఉదాహరణకు అనుకుంటే, సెకనుకు 170 కిలోలు, అంటే సుమారు 140 ఘనపు మీటర్ల గాలిని మంట చుట్టుపక్కల నుంచి లాక్కోవాలి. అంత గాలి అందేవరకు అది పైకి సాగుతూనే ఉంటుంది.

మంటల సిమ్యులేషన్‌కు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్‌డీఎస్ (ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్) ప్రసిద్ధమైనది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో మొదట విడుదల చేసింది. ఇళ్లు, గోదాములు, తోటలు కాలడం దానికి కొట్టినపిండి. అయితే శబ్ద వేగం కంటే బాగా తక్కువ వేగాల కోసమే దాని సమీకరణాలను సరళీకరించారు. బావి మూతిని ఉన్నదున్నట్టు దానిలో పెడితే జవాబు వస్తుంది, ఆ జవాబుకు విలువ ఉండదు. గ్యాసు వ్యాకోచించి నెమ్మదించాక ఎంత వెడల్పు, ఎంత వేగం ఉంటుందో చేత్తో లెక్కించి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పూర్తి వేగంతోనే చేయాలంటే ఓపెన్‌ఫోమ్, ఫ్లూయెంట్ వంటి ప్రవాహ సాఫ్ట్‌వేర్లలో పీడన తరంగాలను పట్టించుకునే సాల్వర్లు, అంటే సమీకరణాలను సాధించే భాగాలు, ఉన్నాయి. వాటికి గడులూ ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి.

ఊళ్లో ఉన్నవాళ్లకు మాత్రం మంట ఎత్తు కంటే దాని సెగ ముఖ్యం. ఎంత దూరం ఖాళీ చేయించాలి, ఏ కొబ్బరితోట మాడిపోతుంది అన్నవి ఉష్ణ వికిరణం తేల్చే ప్రశ్నలు. పై ఉదాహరణలో సెకనుకు 10 కిలోల మీథేన్ ఇచ్చే శక్తి 500 మెగావాట్లు. అందులో 20 శాతం వికిరణంగా పోతుందనుకుంటే 100 మెగావాట్లు. అది ఒకే బిందువు నుంచి అన్ని దిక్కులకూ వెలువడినట్టు లెక్కిస్తే, 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 3.2 కిలోవాట్లు, 100 మీటర్లలో 0.8 కిలోవాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు ఒక కిలోవాటు. దాదాపు 5 కిలోవాట్ల సెగకు ఒళ్లు 15, 20 సెకన్లు కూడా ఓర్చుకోలేదు. కాగితం మీద రెండు వరుసల్లో తేలే ఈ అంకెకు సిమ్యులేషన్ ఇచ్చినది ఎన్నో రెట్లు దూరంగా ఉంటే, సిమ్యులేషన్‌లోనే ఎక్కడో పొరపాటు ఉన్నట్టు. అది అదనంగా చెప్పగలిగేది గాలి మంటను ఎటు వంచుతుందో, వంగినప్పుడు ఆ వైపు సెగ ఎంత పెరుగుతుందో. సముద్రం దగ్గరున్న కోనసీమలో పగటి గాలి ఒక దిక్కు, రాత్రి గాలి మరో దిక్కు, కాబట్టి ఒక్కసారి నడిపిన సిమ్యులేషన్‌తో పని జరగదు.

ముందే కలిసిపోతే

గ్యాసు ముందు పరుచుకుని తర్వాత అంటుకునే ప్రమాదంలో లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ మొదటి భాగంలో దహనమే లేదు. గ్యాసు ఎటు పాకింది, ఎక్కడ ఎంత చిక్కగా ఉంది అన్నదే ప్రశ్న. గాలిలో మీథేన్ 5 శాతం కంటే తక్కువున్నా, 15 శాతం కంటే ఎక్కువున్నా అంటుకోదు. మధ్యలో ఉన్న మేఘమే ప్రమాదం. మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుందిలే అన్న ధీమా పనికిరాదు. పీడనంతో వచ్చిన గ్యాసు నేలకో గోడకో తగిలి ఊపు కోల్పోయి గాలితో కలిస్తే, ఆ మిశ్రమం బరువు మామూలు గాలికి దగ్గరగానే ఉంటుంది. గాలి కదలని తెల్లవారుజామున, నేల దగ్గరి పొర చల్లగా ఉన్న వేళ, అది చెదరకుండా ఎక్కువ దూరం పోగలదు.

సగటు చేసే మోసం ఇక్కడా ఉంది. గడి సగటు 3 శాతం అని సాఫ్ట్‌వేర్ చూపిస్తే అక్కడ ప్రమాదం లేదనుకోవచ్చా? ఆ గడిలోనే ఒక మూల 8 శాతం, మరో మూల సున్నా ఉండవచ్చు. నిప్పురవ్వ ఏ మూలన పడుతుందో ఎవరు చూశారు? అందుకే భద్రతా లెక్కల్లో 5 శాతం దగ్గర కాకుండా దానిలో సగం, అంటే రెండున్నర శాతం దగ్గరే గీత గీయడం పరిపాటి.

అంటుకున్నాక రెండో భాగం మొదలవుతుంది. ఖాళీ మైదానంలో ముందే కలిసిన మేఘం అంటుకుంటే మంట సాపేక్షంగా నెమ్మదిగా పాకుతుంది. దారిలో అడ్డంకులుంటే వాటి వెనక సుడులు పుడతాయి, సుడులు మంట పొరను ముడతలు పెడతాయి, ముడతలు పడిన పొర ఎక్కువ వైశాల్యంతో మండి వేగం పెంచుకుంటుంది, ఆ వేగం మరిన్ని సుడులను పుట్టిస్తుంది. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో పెట్రోల్ ఆవిరి మేఘం పేలినప్పుడు, అంత తీవ్రత ఎలా వచ్చిందో మొదట నిపుణులకే అంతుపట్టలేదు. రోడ్డు వెంబడి దట్టంగా పెరిగిన చెట్లు, పొదలే మంటను వేగవంతం చేశాయని తర్వాతి పరిశోధనలో తేలింది. డెల్టాలో గ్యాస్ పైపులైన్ల దారిని, వాటి పక్కనే కొబ్బరితోటలను, దడులను, ఇళ్లను చూసినవాళ్లకు ఈ సంగతి ఎందుకు పట్టించుకోవాలో చెప్పనక్కరలేదు. ఒక్కో మట్టనూ ఆకునూ గడుల్లో గీయడం అసాధ్యం. నార్వేలోని బెర్గెన్‌లో రూపొందిన ఫ్లాక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఒక గడిలో ఎంత భాగం ఖాళీ, ఎంత భాగం అడ్డంకి అన్న నిష్పత్తితో పని నడిపిస్తాయి. కొమ్మలు లేని కొబ్బరి కాండాలకూ, కింద దట్టంగా అల్లుకున్న పొదలకూ ఆ నిష్పత్తి ఒకటి కాదు. తోటంతా ఒకే పచ్చరంగు దిమ్మగా గీసి ఇచ్చిన సిమ్యులేషన్‌ను నేనైతే నమ్మను.

ఊక కథ వేరు

వాయువులు ఎంత చిక్కులు పెట్టినా వాటి స్వభావం స్థిరం. మీథేన్ ఎక్కడైనా మీథేనే. ఊక అలా కాదు. 75 కిలోల బస్తా ధాన్యం ఆడిస్తే దాదాపు 15 కిలోల ఊక వస్తుంది. ఘనపు మీటరు ఊక తూచితే 100 కిలోలకు అటూ ఇటూ. అందులో 60 శాతానికి పైగా వేడి తగలగానే వాయువులుగా లేచిపోయే పదార్థం. మిగిలేది బొగ్గు, బూడిద. బూడిదే 15 నుంచి 20 శాతం, దానిలో అత్యధిక భాగం సిలికా. ఇంత బూడిద ఇచ్చే వంటచెరకు మరొకటి చెప్పడం కష్టం.

పొయ్యిలో పడిన ఊక ముందు తడి ఆరుతుంది. 250 డిగ్రీలు దాటాక వాయువులు, తారు ఆవిర్లు వదులుతుంది. అవి పైకి లేచి, ఊక పరుచుకునే పొయ్యి అడుగు జల్లెడ మీద కాకుండా దాని పైనున్న ఖాళీలో మండుతాయి. చూసేవాళ్లకు కనిపించే మంట ఇదే. కింద మిగిలిన బొగ్గు ఆక్సిజన్ అందినంత మేరకు నెమ్మదిగా కాలుతుంది. సిమ్యులేషన్‌లో వీటిని సాధారణంగా రెండు లెక్కలుగా విడదీస్తారు. జల్లెడ మీది ఊక పొరకు ఒకటి, పైనున్న మంటకు ఒకటి. కింది లెక్క పైదానికి వాయువులను అందిస్తుంది, పై లెక్క కిందికి సెగను అందిస్తుంది, రెండూ ఒక ఒప్పందానికి వచ్చేవరకు అటూ ఇటూ తిప్పాలి. వదిలిన వాయువుల్లో ఏవేవి ఎంతెంత ఉన్నాయో కచ్చితంగా చెప్పడం కష్టం కాబట్టి, ఊకలోని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పాళ్లకు సరిపోయే ఒక ఊహాజనిత అణువును తయారు చేసి దాన్నే మండిస్తారు. ఆ పై మంట మళ్లీ గాలి కలిస్తే కాలే మంటే. స్పాల్డింగ్, మాగ్నుస్సెన్ చెప్పినది ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. పై నుంచి వదిలే గాలి చాలకపోతే పొగగొట్టం నల్లగా ఎందుకు కక్కుతుందో అది చూపించగలదు.

చిక్కంతా రేణువు దగ్గర. సాఫ్ట్‌వేర్లు ఊక రేణువును గోళంగా తీసుకుంటాయి, మీరు మరోలా చెప్పకపోతే. చెప్పేవాళ్లు తక్కువ. ఊక పొట్టు ఒక చిన్న దోనెలా ఉంటుంది: పొడవు ఎనిమిది, పది మిల్లీమీటర్లు, గోడ మందం మిల్లీమీటరులో కొన్ని వంతులే. అంత తేలికైన పొట్టును గాలి ఎత్తుకుపోతుంది. అదే బరువున్న గోళం త్వరగా కిందపడుతుంది. గోళాలతో నడిపిన లెక్కలో ఊక బుద్ధిగా జల్లెడ మీద కూర్చుంటుంది. అసలు పొయ్యిలో సగం కాలినది ఎగిరి బాయిలర్ గొట్టాల మధ్యకు, అక్కడి నుంచి ఊళ్లో బట్టలు ఆరేసిన తీగల మీదకు చేరుతుంది. మిల్లుల చుట్టుపక్కల కాపురముండేవాళ్లకు ఇది సిమ్యులేషన్ లేకుండానే తెలుసు.

మరో అలవాటు, కాలేకొద్దీ రేణువు కుంచించుకుపోతుందని అనుకోవడం. బొగ్గుకు అది కొంతవరకు నిజం. ఊక కాలినా ఆకారం వదలదు. సిలికా చట్రం అలాగే నిలబడుతుంది, మధ్యలోని కార్బన్ మాత్రమే పోతుంది. ఆ చట్రంలోంచి ఆక్సిజన్ లోపలికి చొరబడటం కష్టం కాబట్టి కొంత కార్బన్ చిక్కుకుపోతుంది. అందుకే బూడిద నల్లగా వస్తుంది. అందువల్ల ఊక నమూనాలో రేణువు పరిమాణాన్ని స్థిరంగా ఉంచి సాంద్రతను తగ్గించడమే సబబు.

నల్ల బూడిద ఖరీదు కూడా లెక్కించవచ్చు. కిలో ఊకకు 180 గ్రాముల ఖనిజ బూడిద అనుకుందాం. బయటికి తీసిన బూడిదలో 20 శాతం కార్బన్ ఉంటే, కిలో ఊకకు 45 గ్రాముల కార్బన్ కాలకుండా పోయినట్టు. దాని వేడి దాదాపు 1.5 మెగాజౌళ్లు. కిలో ఊక ఇచ్చే 13 మెగాజౌళ్లలో అది తొమ్మిదో వంతు, బూడిద గుట్టలోకి పోతుంది. సరే, పూర్తిగా తెల్లగా కాల్చేద్దామని వేడి పెంచితే ఇంకో ఇబ్బంది. 700, 800 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంచితే సిలికా స్ఫటిక రూపంలోకి మారడం మొదలవుతుంది. సిమెంటులో కలపడానికి పనికొచ్చే గుణం తగ్గుతుంది, పీల్చిన ఊపిరితిత్తులకు హాని పెరుగుతుంది. పొయ్యిలో ఏ మూల ఎంత వేడి ఉందో చూపించే పటం కావలసింది అందుకు. సిమ్యులేషన్‌కు పెట్టిన ఖర్చు నిజంగా గిట్టుబాటయ్యేది ఈ ప్రశ్న దగ్గరే అని నా అభిప్రాయం.

తడి ఇంకో తలనొప్పి. పొడి ఊక కిలోకు 15 మెగాజౌళ్లు అనుకుంటే, 10 శాతం తేమతో అది 13.3 దాకా, 20 శాతం తేమతో 11.5 దాకా దిగుతుంది. సార్వా ధాన్యం తుఫాను వానల్లో తడిసిన ఏడాదికీ, దాళ్వా ధాన్యం వేసవి ఎండలో ఆరిన ఏడాదికీ ఒకే అంకె పెట్టి నడిపితే, తేడా పొయ్యి డిజైన్‌లో ఉందో ఊకలో ఉందో ఎప్పటికీ తేలదు.

ఇక కొలతలతో సరిచూడటం. పొయ్యిలో సెగ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 900 డిగ్రీల నుంచి 1,000కి వెళితే వికిరణం 40 శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి వంద డిగ్రీల పొరపాటు చిన్నదేమీ కాదు. అయితే పొయ్యిలో దూర్చిన థర్మోకపుల్, అంటే ఉష్ణోగ్రత కొలిచే లోహపు తీగల పరికరం, కూడా నిజం చెప్పదు. దాని చుట్టూ చల్లటి నీటి గొట్టాలుంటే వాటి వైపు వేడి వెదజల్లుకుంటూ, వాయువు అసలు ఉష్ణోగ్రత కంటే పదుల డిగ్రీలు, ఒక్కోసారి వందకు పైగా తక్కువ చూపిస్తుంది. సిమ్యులేషన్ ఎక్కువ చూపిస్తోందని స్థిరాంకాలు సర్దేముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి.

దానికంటే నమ్మకమైన కొలత పొగగొట్టంలో ఆక్సిజన్ శాతం. చవకైన పరికరంతో అయిపోతుంది. అక్కడ 7 శాతం కనిపిస్తోందంటే కావలసిన దానికంటే సుమారు 50 శాతం ఎక్కువ గాలి లోపలికి వెళ్తోందన్నమాట. మీ లెక్కలో మీరు ఇచ్చిన అదనపు గాలి 20 శాతమే అయితే, 53 పదార్థాలున్న పట్టిక తెచ్చి పెట్టినా, గడులను సగానికి సగం చేసినా ఆ తేడా పోదు. ముందు కంప్యూటర్ ముందు నుంచి లేచి, ఆ మిగతా గాలి పొయ్యి తలుపు సందుల్లోంచి వస్తోందో, ఊక పడే గొట్టం వెంట వస్తోందో వెతకాలి.